వైన్ వీగనా కాదా: సీసా కొనేముందు తెలుసుకోవడం ఎలా

మా బాబాయి కొడుకు జర్మనీలో చదువుకుంటున్న రోజుల్లో ఒక రాత్రి నాకు ఫోటో పంపాడు. వైన్ సీసా వెనక అతికించిన కాగితం అది. సల్ఫైట్ల హెచ్చరిక పక్కన చిన్న గుడ్డు బొమ్మ ఉంది. "అక్కా, ద్రాక్షపళ్ళతో చేసేదాంట్లో గుడ్డెందుకు?" అని అడిగాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టినవాడు కాదు. ఆ పూట సీసా మూత తీయకుండానే పక్కన పెట్టేశాడు. నాకు కూడా అప్పటికి జవాబు తెలియదు. తర్వాత తెలుసుకున్నదంతా ఒకచోట పెడితే వాడిలాంటి వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఇది వైన్ తాగమని చెప్పడానికి రాస్తున్నది కాదు. తాగే అలవాటు ఉండి, చట్టం ఒప్పుకునే వయసు దాటి (తెలంగాణలో, ఆంధ్రలో 21 ఏళ్ళు), జంతువుల నుంచి వచ్చినవి వద్దనుకునే వాళ్ళ కోసం. వీగన్లకే (పాలు, గుడ్డుతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టని వాళ్ళకే) కాదు, గుడ్డు తినని మామూలు శాకాహారులకు కూడా ఇందులో సగానికి పైగా వర్తిస్తుంది. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. ముందు, వైన్‌ని ఎలా తేరుస్తారో తెలుసుకోండి

ఇది అర్థమైతే మిగతావన్నీ తేలిక. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ద్రాక్షరసం పులిసి వైన్ అయిన కొత్తలో తేటగా ఉండదు. చచ్చిన ఈస్టు, తొక్కల నుంచి గింజల నుంచి దిగిన టానిన్లు (వగరు పుట్టించే పదార్థాలు), పండులోని ప్రోటీన్లు అన్నీ అందులో తేలుతుంటాయి. నెలల తరబడి కదపకుండా ఉంచితే చాలావరకు వాటంతటవే అడుగుకు చేరతాయి. మడ్డి కదలకుండా పైన తేటను ఇంకో పీపాలోకి వంచుకోవచ్చు. కానీ అంత కాలం ఆగడం అందరికీ కుదరదు. ఆగినా కొన్ని కణాలు మరీ సన్నగా ఉండి దిగనే దిగవు. అప్పుడు వాటిని పట్టుకుని ముద్దకట్టించి కిందికి లాగే పదార్థం ఏదో ఒకటి కలుపుతారు. వైన్ తయారీలో ఈ పనిని ఫైనింగ్ అంటారు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. వానాకాలం ఎర్రనీళ్ళు బిందెలో పట్టుకుని పటిక తిప్పే ఇళ్ళు మన గోదావరి, కృష్ణా ఒడ్డున బోలెడు. అంతకు ముందు చిల్లగింజను కుండ లోపల అరగదీసేవాళ్ళు. మట్టి అంతా అడుగుకు దిగి నీళ్ళు తేరేవి. మిఠాయి చేసేవాళ్ళు పంచదార పాకంలో కాసిని పాలు పోస్తారు. పాలు విరిగి, పంచదారలోని మురికిని పట్టుకుని తెట్టుగా పైకి వస్తాయి, దాన్ని గరిటెతో తీసేస్తారు. వైన్‌లో జరిగేది కూడా ఇదే. ఆ పట్టుకునే పదార్థం చిల్లగింజలా చెట్టు నుంచి వచ్చిందా, పటికలా ఖనిజమా, పాలలా జంతువు నుంచి వచ్చిందా అన్నదే మన ప్రశ్న.

రెండో కారణం వగరు. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి అందులో టానిన్లు ఎక్కువ. లేత వైన్ నోట్లో పెడితే కరక్కాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. టానిన్లకు ప్రోటీన్ అంటే అతుక్కునే గుణం ఉంది. గాఢమైన టీ డికాషన్‌లో పాలు పోయగానే వగరు తగ్గుతుంది కదా, పాలలోని ప్రోటీన్ టీలోని ఆ వగరు పదార్థాలను పట్టుకోవడమే దానికి కారణం. వైన్‌లో గుడ్డు తెల్లసొన వేసినా జరిగేది అదే. తెల్లసొన టానిన్లను పట్టుకుని కిందికి దిగుతుంది, పైన వైన్ మెత్తబడుతుంది.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో ఇది తరతరాల పద్ధతి. అక్కడి పీపాకు 225 లీటర్లు పడతాయి, అంటే 300 సీసాలు. ఒక్కో పీపాకు సుమారు మూడు నుంచి ఆరు గుడ్ల తెల్లసొన కలుపుతారు. మరి పచ్చసొనలు ఏం చేసేవాళ్ళు? వాటితో చేసిన మిఠాయిలు ఆ ఊళ్ళ పేరు చెప్పుకుని బతుకుతున్నాయి. బోర్డోలో కానెలే అనే చిన్న కేకు పుట్టుకను ఈ మిగిలిన పచ్చసొనలతో ముడిపెట్టి చెబుతారు. స్పెయిన్‌లో షెర్రీ వైన్‌కు పేరున్న హెరెజ్ ఊళ్ళో, వైన్ దొరలు పచ్చసొనలను సన్యాసినుల మఠాలకు ఇచ్చేసేవారనీ, వాళ్ళు వాటిని పంచదార పాకంతో కలిపి 'తొసీనో దె సియేలో' అనే తీపి చేసేవారనీ చెబుతారు. ఒక ఊరి మిఠాయి అంగడిని చూసి అక్కడి వైన్‌లో ఏం పడేదో ఊహించవచ్చన్నమాట.

ఇలా కలిపినదంతా వైన్‌లోనే ఉండిపోదు. పట్టుకోవలసిన వాటిని పట్టుకుని మడ్డితో పాటు అడుగుకు పోతుంది. మిగిలితే అతి స్వల్పంగా మిగులుతుంది. అందుకే చాలామంది తయారీదారులు "మా వైన్‌లో గుడ్డు లేదు" అని మనస్ఫూర్తిగా అంటారు. వాళ్ళ వైపు నుంచి అది నిజమే. కానీ వీగన్ అయిన మనిషికి గ్లాసులో ఎంత మిగిలిందన్నది ప్రశ్న కాదు, దాని కోసం జంతువును వాడారా లేదా అన్నదే ప్రశ్న. ఈ తేడా గుర్తుంచుకోండి, దుకాణంలో అడిగేటప్పుడు పనికొస్తుంది.

2. ఏ పేరు దేనిదో గుర్తుపట్టండి

జంతువుల నుంచి వచ్చేవి ముఖ్యంగా నాలుగు.

తెల్లసొన గురించి చెప్పుకున్నాం. లేబుల్ మీద, కంపెనీ సమాచార పత్రాల్లో దాన్ని ఆల్బుమిన్ అని కూడా రాస్తారు. రెండోది కేసిన్. పాలలోని ప్రోటీన్, పన్నీరు అయ్యేది అదే. తెల్ల వైన్‌లో, రోజే అనే గులాబీ రంగు వైన్‌లో గోధుమరంగు తిరగడాన్ని, చేదును తగ్గించడానికి వాడతారు. మూడోది జెలటిన్. పందుల, పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేది. మందుల క్యాప్సూళ్ళ తొడుగుల్లో, జెల్లీ మిఠాయిల్లో మనకు ఎదురయ్యేది ఇదే. నాలుగోది ఐసింగ్లాస్. చేప పొట్టలో ఉండే గాలితిత్తిని ఎండబెట్టి చేస్తారు. ఒకప్పుడు స్టర్జన్ చేపలది వాడేవారు. తెల్ల వైన్‌కు అద్దంలాంటి మెరుపు తేవడంలో దీనికి చాలా పేరు.

వీటికి తోడు కైటోసాన్ అని ఒకటి ఉంది. ఇది కొంచెం తికమక పెట్టే పేరు. రొయ్యల, పీతల పెంకుల నుంచీ తీయవచ్చు, ఒక రకం బూజు నుంచీ తీయవచ్చు. యూరప్‌లో వైన్‌కు అనుమతించింది బూజు నుంచి తీసినదాన్నే. కాబట్టి ఆ పేరు కనబడగానే కంగారుపడకండి, ఎక్కడి నుంచి తీసిందో అడగండి.

ఇంకో పాత పద్ధతి ఎండబెట్టిన పశువుల రక్తపు పొడి. పిచ్చి ఆవు జబ్బు భయం తర్వాత 1997లో యూరప్‌లో దాన్ని నిషేధించారు. హంగరీ దేశంలోని ఎగర్ ఊరి వైన్ పేరుకు 'ఎద్దు రక్తం' అని అర్థం. పేరు చూసి దీనితో ముడిపెట్టుకోకండి. అది 1552లో ఆ కోటను తుర్కులు ముట్టడించినప్పటి కథ నుంచి వచ్చిందని చెప్పుకునే పేరు.

ఇక జంతువుతో సంబంధం లేనివి. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ వాడేది బెంటోనైట్ అనే బంకమన్ను. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది కదా, దానికి ఆ గుణం ఇచ్చే మాంట్‌మోరిలోనైట్ ఖనిజమే బెంటోనైట్‌లోనూ ప్రధానం. దాని రేణువులకు ఋణావేశం, వైన్‌లోని ప్రోటీన్లకు ధనావేశం. అందుకే రెండూ అతుక్కుని కిందికి దిగుతాయి. తెల్ల వైన్‌ను వేడి తగిలినా మబ్బు పట్టకుండా చేయడానికి ప్రపంచమంతా దీన్నే నమ్ముకుంది. బఠాణీ ప్రోటీన్, బంగాళాదుంప ప్రోటీన్, ఈస్టు నుంచి తీసిన ప్రోటీన్ ఇవన్నీ ఇప్పుడు జెలటిన్, తెల్లసొనల స్థానంలో వాడుతున్నారు. బొగ్గుపొడి, సిలికా, పీవీపీపీ అనే కృత్రిమ పదార్థం కూడా ఉన్నాయి. పీవీపీపీ అంటే ఒక రకం ప్లాస్టిక్ పొడి. అది నచ్చని వాళ్ళు ఉండొచ్చు, కానీ అందులో జంతువు లేదు.

3. మీ గీత ఎక్కడో మీరే గీసుకోండి

మన ఇళ్ళల్లో శాకాహారం అంటే పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి, గుడ్డు ఉండదు. యూరప్‌లో, అమెరికాలో వెజిటేరియన్ అంటే పాలూ గుడ్డూ రెండూ ఉండొచ్చు. మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. సీసా మీద 'వెజిటేరియన్' అని స్పష్టంగా రాసి ఉంటుంది, ధైర్యంగా కొంటారు. లోపలి వైన్‌ను తెల్లసొనతో తేర్చి ఉండొచ్చు, అక్కడి లెక్క ప్రకారం ఆ మాట తప్పేమీ కాదు.

అందుకని నా సలహా ఒక్కటే. మీరు వీగన్ కాకపోయినా సరే, గుడ్డు తినరు అంటే వైన్ దగ్గర మాత్రం 'వీగన్' అన్న మాటనే వెతకండి. 'వెజిటేరియన్' అన్న మాటను నమ్ముకోకండి. కేసిన్‌తో చేసిన కొన్ని వైన్లు మీరు తాగగలిగి ఉండి కూడా వదులుకోవలసి వస్తుంది, నిజమే. అయినా మనసులో అనుమానం ఉండదు.

వీగన్లలో కూడా గీత అందరికీ ఒకచోట ఉండదు. కొందరు ఫైనింగ్ వరకే చూస్తారు. కొందరు సీసా మూతి మీది తేనెమైనం సీలును, కాగితం అతికించిన కేసిన్ జిగురును కూడా చూస్తారు. ఇంకొందరు తోటలో ఎముకల పొడి, పశువుల ఎరువు వేశారా అని అడుగుతారు. 1944లో బ్రిటన్‌లో మొదలైన వీగన్ సొసైటీ కూడా తన నిర్వచనంలో 'సాధ్యమైనంత వరకు, ఆచరణలో కుదిరినంత వరకు' అనే అంటుంది. నేనైతే ఫైనింగ్ దగ్గర గట్టిగా ఉంటాను, తోట ఎరువు దగ్గర పట్టు విడుస్తాను. మీది మీ ఇష్టం. కానీ దుకాణానికి వెళ్ళకముందే తేల్చుకోండి, అక్కడ నిలబడి ఆలోచిస్తే ఏదీ తేలదు.

4. సీసాను తిప్పి చదవండి

ముందు వైపు కాగితం అందం కోసం. మనకు కావలసినది వెనక ఉంటుంది.

మొదట గుర్తులు చూడండి. వీగన్ సొసైటీ గుర్తులో పొద్దుతిరుగుడు పువ్వు ఉంటుంది, 1990 నుంచి ఇస్తున్నారు. యూరప్‌లో ఎక్కువగా కనబడేది వి-లేబుల్, ఇంగ్లీషు వి అక్షరానికి ఆకు తొడిగినట్టుంటుంది. దీని దగ్గర జాగ్రత్త. ఈ గుర్తు వీగన్‌కూ ఇస్తారు, వెజిటేరియన్‌కూ ఇస్తారు. దాంతోపాటు రాసిన మాట ఏదో చదవాలి. అమెరికా సీసాల మీద గుండె ఆకారంలో వి అక్షరం ఉన్న గుర్తు, బీవెజ్ అనే గుర్తు కనబడతాయి. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నియమాలు తెచ్చింది, దాని గుర్తు ఆకుపచ్చ వి అక్షరం.

మరి మనకు అలవాటైన పచ్చ చుక్క? బిస్కెట్ ప్యాకెట్ మీద దాన్ని వెతికే అలవాటుతో వైన్ సీసా మీద కూడా వెతుకుతాం. మన లేబుల్ నియమాల్లో మద్యానికి ఆ చుక్క నుంచి మినహాయింపు ఉంది. చుక్క లేనంత మాత్రాన మాంసాహారమనీ కాదు, శాకాహారమనీ కాదు. అసలు సమాచారమే లేదని అర్థం.

తర్వాత ఎలర్జీ హెచ్చరిక చదవండి. యూరప్‌లో 2012 నుంచి, వైన్‌లో గుడ్డు గానీ పాలు గానీ మిగిలి ఉన్నట్టు పరీక్షలో తేలితే లేబుల్ మీద చెప్పి తీరాలి. లీటరుకు పావు మిల్లీగ్రాము ఆ పరీక్ష హద్దు. మాటతో పాటు గుడ్డు బొమ్మ, పాల బొమ్మ కూడా వేయవచ్చు. మా తమ్ముడు చూసింది దాన్నే. ఆ బొమ్మ ఉంటే సంగతి తేలిపోయినట్టే.

కానీ బొమ్మ లేకపోతే? ఇక్కడ రెండు సందులున్నాయి. తెల్లసొన వాడి, మడ్డితో పూర్తిగా తీసేసి, పరీక్షలో ఏమీ దొరక్కపోతే చెప్పనక్కరలేదు. రెండోది ఇంకా పెద్దది. జెలటిన్‌కూ, వైన్‌లో వాడే ఐసింగ్లాస్‌కూ ఈ హెచ్చరికే అవసరం లేదు. అంటే మన శాకాహారులు అన్నిటికన్నా దూరంగా ఉండాలనుకునే రెండూ, పంది చర్మం, చేప తిత్తి, లేబుల్ మీదికి రానే రావు. ఆస్ట్రేలియాలో కూడా చేప ఐసింగ్లాస్‌కు మినహాయింపు ఉంది. అమెరికాలోనైతే ఎలర్జీ సమాచారం ఇవ్వడం తయారీదారు ఇష్టం. కాబట్టి హెచ్చరిక ఉంటే నమ్మండి, లేకపోవడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి.

2023 డిసెంబర్ 8 తర్వాత తయారై యూరప్‌లో అమ్మే వైన్లకు పదార్థాల జాబితా తప్పనిసరి అయింది. చాలామంది దాన్ని క్యూఆర్ కోడ్ వెనక పెడుతున్నారు. ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి, మంచిదే. అయితే ఫైనింగ్ పదార్థాలు వైన్‌లో ఉండిపోయేవి కావు కాబట్టి మామూలుగా ఆ జాబితాలోకి రావు. జాబితాలో జెలటిన్ లేదని సంబరపడి కొనకండి.

సల్ఫైట్లు ఉన్నాయన్న హెచ్చరిక చూసి కూడా కొందరికి టెన్షన్. అది గంధకానికి సంబంధించినది, వైన్ పాడవకుండా ఉంచేది. జంతువుతో దానికి ఏ సంబంధమూ లేదు.

5. వీగన్ అనిపించే మాటలను నమ్మేయకండి

'ఆర్గానిక్' అంటే కృత్రిమ పురుగుమందులు, రసాయన ఎరువులు లేని తోట. యూరప్ ఆర్గానిక్ వైన్ నియమాలు 2012లో వచ్చాయి. వాటిలో తెల్లసొన, కేసిన్, జెలటిన్, ఐసింగ్లాస్ అన్నిటికీ అనుమతి ఉంది.

'బయోడైనమిక్' అన్నది వీగన్ ఆలోచనకు ఇంకా దూరం. ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన సేద్యం ఇది. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తీసి నీళ్ళలో కలిపి పొలానికి చల్లడం ఇందులో తప్పనిసరి. ఇంకో మందుకు మగ దుప్పి మూత్రకోశంలో పువ్వులు కూరతారు. ఆ రైతులకు నేలంటే ఉన్న శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ మాట వీగన్‌కు హామీ కాదు. ఫైనింగ్ వరకు గీత గీసుకున్న వాళ్ళకు కొన్ని బయోడైనమిక్ వైన్లు సరిపోతాయి, ఎరువు వరకు వెళ్ళేవాళ్ళకు సరిపోవు.

'అన్‌ఫిల్టర్డ్' అంటే వడకట్టలేదు అని. వడకట్టడం వేరు, తేర్చడం వేరు. తెల్లసొనతో తేర్చి, వడకట్టకుండా సీసాలో పోసినదాన్ని కూడా అన్‌ఫిల్టర్డ్ అనే అంటారు. మీరు వెతకవలసిన మాట 'అన్‌ఫైన్డ్'. ఫ్రెంచి సీసాల మీద దాన్ని 'నాన్ కొలే' అంటారు. ఈ మాట ఉంటే తేర్చే పదార్థమేదీ కలపలేదని, అంటే తేర్చే పని కాలమే చేసిందని అర్థం. వీగన్ గుర్తు లేకపోయినా ధైర్యంగా తీసుకోదగ్గ మాట ఇదొక్కటే.

'నేచురల్' వైన్లలో చాలా వాటిని తేర్చరు. అందుకే అవి కొంచెం మబ్బుగా ఉంటాయి. కానీ ఆ మాటకు అన్ని దేశాల్లో ఒకే నిర్వచనం లేదు. అడిగి తీసుకోండి.

ధర కూడా ఏమీ చెప్పదు. వేల రూపాయల బోర్డో తెల్లసొనతో తేర్చినది కావచ్చు, మామూలు ధర వైన్ బంకమన్నుతో తేర్చినది కావచ్చు.

6. ఏ గుర్తూ లేనప్పుడు రకాన్ని బట్టి అంచనా వేయండి

ఇది అంచనా మాత్రమే. ఇంకో దారి లేనప్పుడు వాడుకోవాలి.

ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచిన, పాత పద్ధతి అని గర్వంగా చెప్పుకునే ఎర్ర వైన్లలో తెల్లసొన పడి ఉండే అవకాశం ఎక్కువ. వగరు తగ్గించి మెత్తగా చేసిన ఎర్ర వైన్లలో జెలటిన్ ఉండొచ్చు. తెల్లవి, రోజేలు బెంటోనైట్‌తో తేర్చే అవకాశం బాగా ఎక్కువ, కానీ దానితో పాటు కేసిన్ గానీ ఐసింగ్లాస్ గానీ పడి ఉండొచ్చు.

షాంపేన్ పద్ధతిలో చేసే బుడగల వైన్‌ను సీసాలోనే రెండోసారి పులియబెడతారు. ఆ ఈస్టు జారి సీసా మూతి దగ్గరికి చేరడానికి సాధారణంగా బెంటోనైట్‌ను, సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌ను వాడతారు. అంతవరకు బాగానే ఉంది. దానికి ముందు మూలపు వైన్‌ను దేనితో తేర్చారన్నది మళ్ళీ అడగాల్సిందే.

7. సరైన ప్రశ్న అడగండి

"ఇది వీగనేనా?" అని దుకాణంలో అడిగితే, "వైన్ కదండీ, ద్రాక్షరసమే" అంటారు. వాళ్ళు అబద్ధం ఆడటం లేదు, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మన ఊళ్ళల్లో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణాల్లో అసలు వైన్ అమ్ముడయ్యేదే తక్కువ. అక్కడి కుర్రాణ్ణి ఈ ప్రశ్నతో ఇబ్బంది పెట్టి లాభం లేదు. హైదరాబాద్‌లో వైన్లకు వేరే గది పెట్టిన పెద్ద దుకాణాల్లో అడిగితే, కంపెనీ మనిషి నంబరైనా ఇస్తారు.

అడగవలసినది తయారీదారును. నాసిక్ చుట్టుపక్కల, బెంగళూరు దగ్గర నంది కొండల్లో, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో మన దేశపు వైన్ తోటలు ఉన్నాయి. హంపి కొండల దగ్గర ఒక తోటను పెంచినవాళ్ళు హైదరాబాద్‌లోని గ్రాన్యూల్స్ సంస్థ స్థాపకులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ. పెద్ద తోటలకు ఫోను, ఈమెయిలు ఉంటాయి. వైన్ చేసేవాళ్ళకు తమ పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే ఇష్టం, మామూలుగా జవాబు వస్తుంది. విదేశీ కంపెనీలకైనా ఇదే పద్ధతి.

ఈమెయిల్‌లో ఇలా అడగండి, ఇంగ్లీషులో పెట్టుకుంటే సరిపోతుంది:

"నమస్కారం. మీ ఫలానా వైన్, ఫలానా సంవత్సరం పంట, తయారీలో ఏ దశలోనైనా గుడ్డు తెల్లసొన, కేసిన్ లేదా వేరే పాల పదార్థం, జెలటిన్, ఐసింగ్లాస్, రొయ్య పెంకుల కైటోసాన్ వాడారా? వాడకపోతే దేనితో తేర్చారు? ఈ పద్ధతి ప్రతి ఏడూ ఒకటేనా, పంటను బట్టి మారుతుందా?"

మూడో ప్రశ్న వదిలేయకండి. వేడి ఎక్కువైన ఏడాది టానిన్లు ఒకలా ఉంటాయి, వానలు పడ్డ ఏడాది ఇంకోలా. దాన్ని బట్టి వాడే పదార్థం మారుతుంది. 2021 పంట వీగన్ అయితే 2022 కూడా అవుతుందని లేదు. "మేం జంతు పదార్థాలు ఎప్పుడూ వాడం" అని రాతపూర్వకంగా చెప్పిన తయారీదారు దొరికితే వదలకండి. ప్రతి సీసాకూ మళ్ళీ అడిగే శ్రమ తప్పుతుంది.

ఇలా వేలమంది అడిగి తెచ్చిన జవాబులను పోగుచేసిన బార్నివోర్ అనే జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. వైన్, బీరు, ఇతర మద్యాలు అన్నీ ఉంటాయి. పేరు కొడితే వీగనో కాదో, కంపెనీ ఏమని జవాబిచ్చిందో, ఎప్పుడిచ్చిందో కనబడుతుంది. తేదీ తప్పక చూడండి. పదేళ్ళ నాటి జవాబు మీద ఆధారపడలేం. పద్ధతులు మారతాయి, మంచికి కూడా మారతాయి. తరతరాలుగా ఐసింగ్లాస్‌తో తేర్చిన గిన్నెస్ బీరు, దాన్ని మానేసి కొత్త వడపోతకు మారుతున్నట్టు 2015లో ప్రకటించింది. అడిగేవాళ్ళు ఉంటే తయారీదారులు మారతారనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అది.

8. హోటల్లో, విందులో

హోటల్లో వైన్ జాబితా పట్టుకుని వచ్చిన మనిషిని "దేనితో ఫైనింగ్ చేశారు?" అని అడగండి. వైన్ చదువుకున్న మనిషైతే ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. తెలియకపోతే సీసా తెచ్చి చూపించమనండి, వెనక కాగితం మీరే చదువుకోవచ్చు. గ్లాసుల్లో పోసి ఇచ్చే వైన్లకూ సీసా ఉంటుంది, చూపించమనడం మర్యాద తప్పడం కాదు.

మీ ఇంటికి వీగన్ అతిథి వస్తుంటే, వైన్ ఏం తేవాలో ముందురోజే వాళ్ళను అడగండి. గీత ఎక్కడ గీసుకున్నారో వాళ్ళకే తెలుసు. మీరే అతిథిగా వెళ్తుంటే మీ సీసా మీరు తీసుకెళ్ళడం మంచిది. భోజనాల దగ్గర పిన్నిగారో వదినగారో ప్రేమగా పోసి ఇచ్చాక ఇదంతా విడమరిచి చెప్పడం ఇద్దరికీ ఇబ్బందే.

9. మడ్డి కనిపిస్తే పారబోయకండి

తేర్చని వైన్ కొనడం మొదలుపెట్టాక మీకు ఎదురయ్యే కొత్త సంగతి ఇది. సీసా అడుగున మడ్డి, పైన కొంచెం మబ్బు. ఎర్ర వైన్‌లోనైతే సీసా గోడకు నల్లటి పొర కూడా అంటుకుని ఉంటుంది. సాధారణంగా అది పాడైనందుకు కాదు. ఈస్టు, టానిన్లు, రంగు పదార్థాలు దిగినందుకు.

తాగే ముందురోజు సీసాను నిలువుగా నిలబెట్టండి, మడ్డి అంతా అడుగుకు చేరుతుంది. మూత తీసేటప్పుడు కుదపకండి. ఒక గాజు జగ్గులోకి, తేటనెయ్యి వంచుకున్నట్టు, సన్నధారగా ఒకే ఊపున వంచండి. సీసా మెడ వెనక దీపం గానీ ఫోన్ లైటు గానీ పెట్టుకుంటే మడ్డి మెడ దగ్గరికి రావడం కనబడుతుంది. అక్కడ ఆపేయండి. అడుగున రెండు వేళ్ళ ఎత్తు మిగులుతుంది, దాన్ని వంటలో వాడుకోవచ్చు.

వాసన మాత్రం చూడండి. సిర్కా వాసన ఘాటుగా వచ్చినా, తడి అట్టపెట్టె వాసన వచ్చినా అది పాడైన వైనే, మడ్డికి దానికి సంబంధం లేదు. సీసా తిరిగి ఇచ్చేయండి.

నచ్చిన సీసా దొరికినప్పుడు వెనక కాగితాన్ని ఫోటో తీసి, పంట సంవత్సరం, కంపెనీ ఇచ్చిన జవాబు, తేదీ పక్కన రాసి పెట్టుకోండి. మా తమ్ముడి ఫోన్‌లో ఇప్పుడు అలాంటివి నలభై దాకా ఉన్నాయి. కొత్తగా ఆ ఊరు చదువుకోడానికి వెళ్ళే మన పిల్లలకు వాడు మొదట పంపేది ఆ ఫోటోలే.